మా కాంపౌండులో రెండు రాజ్యాలు

మహబూబ్ చాచీ పోయిందని తెలిసి యాప్రాల్ వెళ్ళాను. ఆవిడ నాకు బంధువు కాదు. మల్కాజ్‌గిరిలో మేం చాలాకాలం అద్దెకున్న కాంపౌండులో ఎదురు పోర్షన్ ఆవిడది. ఆవిడ కూతురు సుల్తానా, నేను ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. నేను వెళ్ళేసరికి ఇల్లంతా ఆడవాళ్ళతో నిండి ఉంది. సుల్తానా నా చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. ఆ గదిలోనే కిటికీ దగ్గర సుల్తానా మనవరాలు నజ్మా ఒళ్ళో పుస్తకం పెట్టుకుని ఉంది. పరీక్షలు దగ్గరపడ్డాయట, రాజనీతిశాస్త్రం ఎమ్మే. నేను ఆ సబ్జెక్టే చెప్పి రిటైరయ్యానని తెలిసి మొహమాటపడుతూ అడిగింది. "మేడమ్, ఈ సెక్యూరిటీ డైలమా ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కట్లేదు. ఎవ్వరూ చెడ్డోళ్ళు కాకుండ యుద్ధం ఎట్ల వస్తది?" నేను మాటలు వెతుక్కుంటుంటే సుల్తానా అంది, "ఆమె పుస్తకంల చదివింది బేటా. మేమిద్దరం కండ్లతోని సుత చూసినం. మా అమ్మీ వీళ్ళింట్ల రంగు డబ్బ చూసిన దినం." చావింట్లో చెప్పగలిగినంత ఆ పిల్లకి చెప్పాను. చెప్పలేకపోయినదంతా తిరుగు బస్సులో నాతోపాటు వచ్చింది.

మా కాంపౌండు రైలు పట్టాలకి ఇవతల ఉండేది. ఒకే ఇనుప గేటు, లోపల ఎదురెదురుగా రెండు పెంకుటిళ్ళు, మధ్యన చేతిపంపు, దాని పక్కన కరివేపాకు చెట్టు. నాన్న ప్రకాశరావు రైల్వే ఆఫీసులో గుమాస్తా. మాది నరసాపురం దగ్గర పల్లె, ఉద్యోగం కోసం సికింద్రాబాదు వచ్చి ఇక్కడే ఉండిపోయాం. అమ్మ మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. తెల్లవారగానే కుటుంబ ప్రార్థన. నాన్న కీర్తన చదివేవాడు, అమ్మ కళ్ళు మూసుకునే పొయ్యి మీద పాలు పొంగకుండా చెవులతో కనిపెట్టేది. ఆమెన్ అనగానే నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ లోకల్ రైలుకి పరిగెత్తేవాడు. జీవితంలో ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. ఆఫీసులో ఎవరైనా ఆయన ఫైలు తప్పని అంటే, తప్పు కాదని తెలిసినా ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

ఎదురింట్లో ఖాదర్ చాచా. జనగామ వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఇంట్లోనూ తెలుగే ఎక్కువ. మోండా మార్కెట్ వెనక సందులో ఆయనకి ట్రంకు పెట్టెల దుకాణం ఉండేది. బదిలీల మీద తిరిగే సిపాయిలు, రైల్వేవాళ్ళు, హాస్టళ్ళకెళ్ళే పిల్లలు అందరూ ఆయన పెట్టెలే కొనేవాళ్ళు. తొందర పని ఉంటే రేకులు ఇంటికే తెచ్చి వెనక వసారాలో కొట్టేవాడు. ఆ సుత్తి చప్పుడు, పెట్టెలకి వేసే నల్లరంగు వాసన, చాచీ వండే ఖట్టీదాల్ పోపు, మా ఇంట్లో ఉడికే చింతపండు చేపల పులుసు, అన్నీ ఆ చిన్న ముంగిట్లో కలిసిపోయేవి. మా క్రిస్మస్ గులాబీపూలు వాళ్ళ నూనెలో వేగేవి, వాళ్ళ పండక్కి సేమ్యా మా గిన్నెల్లో వచ్చేది. వాళ్ళ వెనక తలుపుకి గడియ ఉండేదని చాలా ఏళ్ళు నాకు తెలియనే తెలియదు.

మాతోపాటు పెదనాన్న ఉండేవాడు, నాన్న అన్నగారు జయరావు. గోదావరి జిల్లాలో మిషన్ హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. పెద్దమ్మ పోయాక, పిల్లలు లేక, మా దగ్గరికి వచ్చేశాడు. వచ్చేటప్పుడు తెచ్చుకున్నవి రెండు పంచెలు, ఒక నశ్యం డబ్బీ, గోనెసంచుల నిండా నవలలు. రష్యా నుంచి చవగ్గా వచ్చే అనువాదాలు, అట్టలూడిన ఇంగ్లీషు పుస్తకాలు, తెలుగు డిటెక్టివులు కూడా. ఆదివారం చర్చి అవ్వగానే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తూ నిలబడేవాడు, ఆయన్ని భోజనానికి లాక్కురావడం నా పని. ఎక్కడిదాకా చదివాడో గుర్తుకి కరివేపాకు రెబ్బ పెట్టేవాడు. అందుకని ఆయన పుస్తకాలన్నీ ఎండిన కరివేపాకు, నశ్యం కలిసిన వాసనేసేవి.

నేను ఎమ్మేలో చేరినప్పుడు అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతం అనే పేపరు నన్ను ఏడిపించింది. ఇంగ్లీషు పుస్తకం. ప్రతి వాక్యం అర్థమయినట్టే ఉండేది, పేజీ తిప్పేసరికి ఏమీ మిగిలేది కాదు. ఒకరోజు విసుగొచ్చి పుస్తకం మూసేస్తే పెదనాన్న తీసి చూసి, "ఇందులో మనుషులు లేరేంటే అమ్మాయ్, అన్నీ దేశాలే ఉన్నాయి, నీకెలా ఎక్కుతుంది?" అన్నాడు. ఆ సాయంత్రం నుంచి ఆయనే నా మేష్టరు. ముందు నవల, తర్వాత చరిత్ర, ఆ తర్వాతే పాఠ్యపుస్తకం, అదీ ఆయన పద్ధతి. పుస్తకంలో అరాచకం అన్న మాట దగ్గర నేను ఆగిపోయి ఉన్నాను. "అరాచకం అంటే కొట్లాట కాదే. పైన ఎవరూ లేకపోవడం, అంతే. పంపు దగ్గర మనకీ ఖాదర్‌కీ తగువొచ్చిందనుకో, ఇంటి ఓనరున్నాడు. ఆయన వినకపోతే పోలీసున్నాడు. దేశాలకి ఓనరు లేడు. ఎవడి తలుపు వాడే వేసుకోవాలి," అన్నాడు.

భద్రతా సందిగ్ధం, అదే నజ్మా అడిగిన సెక్యూరిటీ డైలమా, చెప్పడానికి ఒక అనువాద నవల కథ చెప్పాడు. మంచుదేశంలో ఏటికి అటూ ఇటూ ఇద్దరు భూస్వాములు. చలికాలం తోడేళ్ళు వచ్చి మందల మీద పడుతుంటే ఒకాయన కాపలాకి మనుషుల్ని పెట్టుకుంటాడు. ఏటికి అవతలాయనకి తోడేళ్ళు కనపడవు, కాపలావాళ్ళు కనపడతారు. ఆయన తుపాకులు కొంటాడు. తుపాకులు చూసి ఈయన మరింతమందిని పెడతాడు. "రెండో సగంలో తోడేళ్ళు అసలు రావమ్మాయ్," అన్నాడు పెదనాన్న, "తుపాకులే ఉంటాయి." ఎవరిది తప్పని అడిగాను. "ఆ ప్రశ్న మానేస్తే నీకు పాఠం వచ్చినట్టు," అన్నాడు. మర్నాడు బొబ్బిలి కథ మొదలుపెట్టాడు. పక్కపక్కన రెండు సంస్థానాలు, ఒకరు పెరిగితే ఇంకొకరికి నిద్రపట్టదు, ఆ నిద్రపట్టనివాళ్ళు బయటినుంచి ఫిరంగులున్నవాణ్ణి తెచ్చుకోవడం, ఆఖరికి కోటలో బూడిద. చిన్నప్పటినుంచి బుర్రకథల్లో విన్నదే, కానీ వీరత్వం తీసేసి, ఎవరి భయం ఎవరికి ఎలా అంటుకుందో మాత్రమే చెబుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

ఒక సాయంత్రం నన్ను పరేడ్ గ్రౌండు దాకా నడిపించుకెళ్ళాడు. సిపాయిలు కవాతు ముగించి వెళ్తున్నారు. "ఈ ఊరెలా పుట్టిందో తెలుసా? నిజాముకి ఒకపక్క మరాఠాలు, ఒకపక్క మైసూరు. ఇద్దరంటేనూ భయం. ఖర్చు తను పెట్టుకుని ఇంగ్లీషువాళ్ళ పటాలాన్ని ఇంటిపక్కన దింపుకున్నాడు. మైసూరు పోయింది, మరాఠాలు పోయారు. పటాలం పోలేదు. అది దిగిన చోటే సికింద్రాబాదు," అన్నాడు. నేను నవ్వాను. అప్పటికి అదంతా నాకు పరీక్షలో రాసుకునే మాటే.

ఆ ఏడు నగరంలో మతగొడవలు మొదలయ్యాయి. ఎప్పుడూ నది అవతలే ఉండే కర్ఫ్యూ ఈసారి పట్టాలు దాటి మా వైపు వచ్చింది. మొదట రేడియోలో విన్నాం, తర్వాత రైళ్ళు ఖాళీగా పోవడం చూశాం, తర్వాత రైళ్ళూ ఆగిపోయాయి. రైలు చప్పుడు లేని మల్కాజ్‌గిరిని అంతకుముందు ఎన్నడూ వినలేదు. పాలవాడు రాలేదు. ఓనరు ఊరికి అవతలి కొసన ఉన్నాడు, ఆయన్ని అడిగే దారి లేదు. పోలీసులు మెయిన్ రోడ్డు మీద ఉన్నారు, మా సందులోకి రారు. దూరాన ఎక్కడో పొగ లేచేది, అది ఏ దిక్కో నాన్న, ఖాదర్ చాచా పంపు దగ్గర నిలబడి నెమ్మదిగా మాట్లాడుకునేవాళ్ళు. దుకాణం మూసేసి ఉంటే తాళం పగలగొట్టారేమోనని చాచా బెంగ. "ఏం గాదు సార్, రెండు దినాలల్ల అంత సల్లబడ్తది," అని మళ్ళీ తనే నాన్నకి ధైర్యం చెప్పేవాడు.

ఒక పొద్దున కర్ఫ్యూ కాసేపు సడలించినప్పుడు నర్సింగ్ వచ్చాడు. వీధి మొదట్లో కట్టెల అడితీ ఆయనది. పేటలో ఎవరికేం కావాలన్నా తనే ముందుండే మనిషి. ఆరోజు చేతిలో తెల్లరంగు డబ్బా, బ్రష్షు. గుమ్మంలోనే నిలబడి నాన్నతో చాలా మర్యాదగా మాట్లాడాడు. "సార్, మీరు మంచోళ్ళు. మీ జోలికి ఎవ్వరు రారు. గని పోరగాండ్లు బయిటి బస్తీలకెళ్ళి వస్తున్నరు, వాళ్ళకు ఏది ఎవ్వరిల్లో తెల్వది. మీ పోర్షన్ మీద జెర సిలువ గీసుకోన్రి. గుర్తుంటది." నాన్న డబ్బా అందుకున్నాడు. నర్సింగ్ దిగుతూ దిగుతూ, "కావాల్నంటే ఇద్దర్ని కావలికి సుత తోలిస్త," అన్నాడు.

ఆయన వెళ్ళాక పెదనాన్న నశ్యం పీల్చడం కూడా మర్చిపోయి నాన్నవైపు చూశాడు. "ప్రకాశం, ఇక్కడ రెండే ఇళ్ళున్నాయి. ఒకదానికి గుర్తు పెడితే రెండోదానికీ పెట్టినట్టే కదరా."

"తెలుసన్నయ్యా," అన్నాడు నాన్న. డబ్బాని తలుపు వెనక పెట్టాడు. గీస్తాననీ అనలేదు, గీయననీ అనలేదు.

కాసేపటికి చాచీ కరివేపాకు కోసుకుని, అలవాటు ప్రకారం అమ్మకి చెప్పడానికి గుమ్మం దాకా వచ్చింది. తలుపు ఓరగా ఉంది. ఆవిడ చూపు డబ్బా మీద పడి, బ్రష్షు మీద పడి, మా గోడ మీద పడింది. "వంటయిందా వదినా?" అని మాత్రం అని వెళ్ళిపోయింది. తర్వాత వాళ్ళ వెనక తలుపు గడియ పడ్డ చప్పుడు వినిపించింది. అమ్మ చేస్తున్న పని ఆపి అటు చూసింది. ఇక అప్పట్నుంచి ఆ ఇంట్లో సుత్తి చప్పుడు మొదలయింది. పెట్టెలు కొట్టేటప్పుడు వచ్చే నిదానమైన చప్పుడు కాదు. ఆగి, మాటలు, మళ్ళీ గబగబా. కర్ఫ్యూ మళ్ళీ మొదలయ్యే లోపల చాచీ తమ్ముళ్ళు ఇద్దరు తలలు వంచుకుని గేటు దాటి లోపలికి వెళ్ళారు. ఒకతని చేతిలో పాత గుడ్డ చుట్టిన పొడుగాటి వస్తువు ఉంది.

మధ్యాహ్నానికి మా ఇంట్లో గాలి బిగుసుకుపోయింది. "వాళ్ళేదో తయారు చేస్తున్నారు," అన్నాడు నాన్న. కిటికీలోంచి చూస్తే రేకు ముక్కలు మెరుస్తున్నాయి. రేకుని కత్తిలా కొయ్యడం ఎంతసేపని ఆయనే అన్నాడు. చాచాని పన్నెండేళ్ళుగా ఎరిగిన మనిషి ఆ మాట అన్నందుకు తనే ఉలిక్కిపడ్డాడు కూడా, కానీ అనడం అయిపోయింది. తర్వాత చెప్పులు వేసుకున్నాడు. నర్సింగ్ పంపుతానన్న ఇద్దరినీ రమ్మంటానన్నాడు.

"వద్దురా," అన్నాడు పెదనాన్న. "బయటివాణ్ణి లోపలికి తెచ్చుకుంటే వాడు మన భయం తీరగానే వెళ్ళిపోడు. వాడి పని వాడికుంటుంది."

"ఇది నీ నవల కాదన్నయ్యా. మన సుగుణ ఉంది ఇంట్లో, ఎదిగిన పిల్ల. నీకు పిల్లలు లేరు, నీకు తెలీదు."

పెదనాన్న మొహం తెల్లబోయింది. అమ్మ "ఏవండీ" అంది. ఎదురింట్లో సుత్తి మోగుతూనే ఉంది. నాకు ఒక్కసారిగా ఆ మంచుదేశం, ఆ ఏరు కళ్ళ ముందుకొచ్చాయి. మేం తోడేళ్ళని చూసి రంగు డబ్బా తీసుకున్నాం. వాళ్ళకి డబ్బా కనిపించింది. వాళ్ళు సుత్తి పట్టుకున్నారు. మాకు సుత్తి వినిపిస్తోంది. పుస్తకంలో నెలల తరబడి అర్థం కానిది అంత భయంలో అంత స్పష్టంగా అర్థమయింది. అర్థమయినంత మాత్రాన సుత్తి ఆగలేదు. నేను అమ్మకి కూడా చెప్పకుండా ముంగిలి దాటి వెళ్ళి, వాళ్ళ ముందు తలుపు కొట్టాను. ఎండలో, అందరికీ కనపడేలా, రెండు చేతులూ బయటికి పెట్టుకుని నిలబడ్డాను.

తలుపు తీసింది సుల్తానా. దాని వెనక దాని మేనమామ ఇనపకడ్డీ పట్టుకుని ఉన్నాడు. లోపల చూశాను. చాచా స్టూలెక్కి కిటికీలకి పెట్టెల రేకులు దిగ్గొడుతున్నాడు. రాళ్ళు పడితే అద్దాలు పగిలి ఆడవాళ్ళ మీద పడతాయని. అంతే. రాయి తగిలితే సొట్టపోయే పల్చటి రేకులు.

"మీ నాయిన రంగు డబ్బ ఎందుకు తెచ్చిండు సుగుణా?" అని అడిగింది సుల్తానా. దాని గొంతు అంత పరాయిగా నేనెప్పుడూ వినలేదు.

"తేలేదు, ఇచ్చి వెళ్ళారు. ఇంకా గీయలేదు."

"ఇంక గీయలే," అన్నాడు దాని మామ ఆ మొదటి మాటని నొక్కి.

చాచా స్టూలు దిగాడు. సుత్తి కింద పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, "పా బిడ్డా, సార్‌తోని నేనే మాట్లాడ్త," అని నాతో బయల్దేరాడు. చాచీ వద్దంటూ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన వదిలించుకోలేదు, ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకుని వచ్చాడు.

మా ముందుగదిలో ఐదుగురు పెద్దవాళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. నాన్న చెప్పులు ఇంకా కాళ్ళకే ఉన్నాయి. నాన్నే లేచి తలుపు వెనకనుంచి డబ్బా తెచ్చి మధ్యలో పెట్టాడు. నర్సింగ్ అన్నదంతా ఒక్క మాట దాచకుండా చెప్పాడు, కావలివాళ్ళని పిలుద్దామనుకున్నది కూడా. పెదనాన్న ఒక దారి సూచించాడు. సిలువ మా గోడకి కాకుండా గేటుకి గీద్దాం, రెండిళ్ళకీ అదే కాపు అవుతుందని. చాచా తల అడ్డంగా ఊపాడు.

"పెద్దసార్, మీ మనసు నాకెర్కనే. గని నా పిల్లలు రేపటి దినం అడుగుతరు. అబ్బాజాన్, ఆ దినం మనం ఎవ్వల పేరు కింద దాక్కున్నమని. నేనేం జెప్పాలె?"

పెదనాన్న తలూపాడు. పట్టుబట్టలేదు. నాన్న డబ్బా చాచా వైపు జరిపి, "మీ పెట్టెలకి వాడుకోండి," అన్నాడు. చాచా మూత చూసి, "ఇది గోడలకేసే రంగు సార్, రేకు మీద నిల్వది," అన్నాడు. ఆ రోజు మొదటిసారి చాచీ మొహంలో ఏదో కదిలింది, నవ్వు అనలేను. కడ్డీలు ఒక పెట్టెలో పెట్టి తాళం వేస్తామని, తాళంచెవి మా అమ్మ దగ్గర ఉంచమని చాచా అన్నాడు. తమ్ముళ్ళు ఒప్పుకోలేదు, వాళ్ళ గొంతులు ముంగిలి దాటి వినిపించాయి. చాచీ వెళ్ళి ఏం చెప్పిందో, తాళంచెవి మాత్రం వచ్చింది. "మరి మనమేం ఇస్తాం వాళ్ళకి?" అన్నాడు పెదనాన్న. అమ్మ లేచి కిరసనాయిలు స్టవ్వు, బియ్యం గిన్నె తీసుకుని చాచీ వాళ్ళ ముందు వసారాలోకి నడిచింది. గేటుకి ఎదురుగా, అందరికీ కనపడే చోట పీట వేసుకుని కూర్చుంది. నన్నూ రమ్మంది. పూర్వం రాజులు మాట మీద నిలబడతామని చూపించడానికి సొంత పిల్లల్ని అవతలి కొలువులో ఉంచేవాళ్ళని పెదనాన్న పాఠంలో చెప్పి ఉన్నాడు. అమ్మ ఆ పాఠం వినలేదు.

వాళ్ళు ఎండ వాలుతుండగా వచ్చారు. ముందు కాళ్ళ చప్పుడు, తర్వాత మాటలు, తర్వాత గేటు మీద కర్రతో తట్టిన చప్పుడు. చాచా వాళ్ళు లోపల ఉన్నారు. అన్నం ఉడుకుతోంది. అమ్మ గరిట చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. నాన్న గేటు దగ్గరికి నడిచాడు. వెనకనుంచి చూస్తే ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. నర్సింగ్ గుంపులో వెనక నిలబడ్డాడు, మాట్లాడింది వేరేవాడు.

"గుర్తు పెట్టమన్నరు గద. పెట్టలేదేంది?"

"పెట్టం," అన్నాడు నాన్న. గేటు పట్టుకుని మళ్ళీ చెప్పాడు. "ఇక్కడ ఒకటే గేటు. అందరం ఒకటే."

"ఏ పోర్షన్ వాళ్ళది, అది జెప్పు సాల్."

నాన్న గేటుకి అడ్డంగా జరిగాడు.

"అంటే మీరు సుత వాళ్ళే అనుకుంటం మరి."

"అనుకోండి," అన్నాడు నాన్న.

అంత చిన్నమాట. ఆయన నోట అలాంటి మాట అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. ఒక రాయి తగిలి పెదనాన్న గది కిటికీ అద్దం పగిలింది. ఇంకొకటి మా పెంకుల మీద దొర్లింది. గేటు ఊగింది. అప్పుడే రైల్వే గేటు వైపు నుంచి పోలీసు వ్యానులోంచి ఈలలు వినిపించాయి. గుంపు ఒకరినొకరు తోసుకుంటూ పక్క సందులోకి పోయింది. నాన్న మాట వల్ల ఆగారో, వ్యాను వల్ల పోయారో నేను ఇప్పటికీ చెప్పలేను. ఆ సాయంత్రం రెండిళ్ళవాళ్ళం చాచీ వసారాలో తిన్నాం. అన్నం అడుగంటింది. అందరం తిన్నాం. పెదనాన్న తన పుస్తకాల మీద పడ్డ గాజుముక్కలు ఏరుతుంటే నాన్న వెళ్ళి పక్కన కూర్చుని తనూ ఏరాడు. క్షమించమని అడగలేదు, పెదనాన్న అడగనివ్వలేదు.

గొడవలు సద్దుమణిగాయి. రైళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. చాచా దుకాణం తాళం చెక్కుచెదరలేదు. నర్సింగ్ ఎప్పటిలాగే నాన్నకి నమస్కారం పెట్టేవాడు. సిద్ధాంతం చదివితే ఇద్దరి భయం గురించే ఉంటుంది, ఆ భయాన్ని మూత తీసి చేతికిచ్చి వెళ్ళిన మూడోవాడు అందులో కనపడడని నాకు అప్పుడు కోపం వచ్చేది. పెదనాన్నతో అంటే ఒప్పుకున్నాడు. "ఎవరిది తప్పని అడగొద్దన్నాను కదా, అది సగం పాఠమే," అన్నాడు. ఆయన తన పాఠాన్ని తనే దిద్దుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అంతా బాగయిందని మేం అనుకుంటున్న రోజుల్లోనే, ఖాదర్ చాచా ఇల్లు ఖాళీ చేస్తున్నానని చెప్పాడు. తమవాళ్ళెక్కువ ఉన్న బస్తీలో ఇల్లు దొరికిందట. చిన్న ఇల్లు, నీళ్ళకి ఇబ్బంది, దుకాణానికి దూరం. నాన్న చాలా నొచ్చుకున్నాడు. లారీకి సామాన్లు ఎక్కిస్తుంటే ఉండబట్టలేక అడిగాడు. "మా మీద నమ్మకం లేకనా ఖాదర్ గారూ?"

"ఉంది సార్. అదే తక్లీఫ్, అదే బాధ," అన్నాడు చాచా. "మల్లొకపారి అయితే మల్ల మీరే గేటు కాడ నిలవడాలె, మేం లోపట కూసోవాలె. ఆ దినం మీకు పానం బాగలేకపోతే? మీకు బదిలీ అయితే? మీ మీద నమ్మకం ఉంది సార్. రేపటి మీద లేదు."

తర్వాత చాలా ఏళ్ళు నేను ఆ పేపరు చెప్పాను. ఎదుటివాడి మంచితనం మీద ఏ దేశమూ బతకలేదని, ఇవాళ్టి మిత్రుడి రేపటి మనసు ఎవరికీ తెలియదని వాస్తవికవాదులు అంటారు. ఆ వాక్యం బోర్డు మీద రాసినప్పుడల్లా లారీ పక్కన నిలబడ్డ చాచానే కనిపించేవాడు. ఆదర్శవాదం వైపు తిరిగి రాయబోతే గేటు దగ్గర తడిసిన నాన్న చొక్కా కనిపించేది. ఇప్పుడు ఆ కాంపౌండు లేదు, అక్కడ నాలుగంతస్తుల మేడ ఉంది. ఇల్లు అద్దెకి అడిగితే ముందు పేరు అడుగుతున్నారు, పేరు విన్నాక ఖాళీ లేదంటున్నారు. ఎవరూ ఎవరి గోడ మీదా రంగు వెయ్యక్కర్లేదు. పేటలే గుర్తులయ్యాయి. యాప్రాల్‌లో సుల్తానా వాళ్ళ మెట్ల మీద నేను ఒక్కదాన్నే వేరే మనిషిని, నేనిప్పుడుంటున్న నరసాపురం చర్చి వీధికి వస్తే సుల్తానా అలాగే అవుతుంది. అందరం భద్రంగా ఉన్నాం. ఒకరి ఇంట్లో ఏం వండుతున్నారో ఇంకొకరికి వాసన రావడం లేదు.

ప్రతి ఏడూ క్లాసులో ఎవరో ఒకరు లేచి అడిగేవాళ్ళు, ఇంతకీ ఎవరు రైటు మేడమ్, వాస్తవికవాదులా, అవతలివాళ్ళా అని. నేను జవాబు చెప్పేదాన్ని కాదు. పరీక్షకి రెండు వైపులా రాయమనేదాన్ని. వాళ్ళకి చెప్పని సంగతి ఒకటుంది. లారీ పక్కన ఆ మాటలన్నాక చాచా నాన్న చెయ్యి అందుకున్నాడు. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు, చాచీ, సుల్తానా ఎక్కి కూర్చున్నారు, పైన కట్టిన పెట్టెలు గలగలలాడుతున్నాయి, లారీ మెల్లగా కదిలింది. చాచా అలాగే పక్కన నడుస్తున్నాడు, నాన్న ఆయనతో నడుస్తున్నాడు. సందు చివరిదాకా ఇద్దరిలో ఎవరూ చెయ్యి వదల్లేదు.